తొట్టెల తాడు

“అత్తమ్మా, తొట్టెల ఏది?”

ఎలీసబెతు హార్మోనియం మీది దుమ్ము తుడుస్తోంది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది. కోడలి మాట చెవిన పడిందనడానికి అదొక్కటే గుర్తు.

“మిమ్ములనే అడుగుతున్న. పొద్దుగాల కొక్కేనికే ఉండె గదా.”

“తీసిన.”

“ఎందుకు?”

“ఉతకాలె.”

షారోన్ తల ఎత్తి చూసింది. ముందటర్ర దూలానికి ఇనుప కొక్కెం ఒక్కటే మిగిలింది. ఉతకడానికి తీసిన ఉయ్యాల చీర దండెం మీద ఉండాలి. దండెం మీద మామయ్య లుంగీ తప్ప మరేమీ లేదు.

“బిడ్డ?”

“ఎనుకర్రల పండుకున్నది. మంచం చుట్టూ మెత్తలు వెట్టిన.”

ఆ మాట పూర్తి కాకముందే షారోన్ వెనక గదిలో ఉంది. కెజియా ఒక చెంప మంచానికి ఆనించి, నోరు కొద్దిగా తెరిచి నిద్రపోతోంది. దిండ్లు నాలుగు వైపులా ఉన్నాయి. ఉంటే మాత్రం? ఈ మధ్యనే బోర్లపడడం నేర్చిన పిల్ల. ఏ దిండులో ముఖం దూర్చుకుంటుందో ఎవరు చూడొచ్చారు? ముక్కు దగ్గర వేలు పెట్టింది. వెచ్చగా ఊపిరి తగిలింది. నుదురు ముట్టుకుంది, అరికాళ్లు ముట్టుకుంది, అంతా బాగుందని తేలాక గానీ ఆమెకు పోట్లాటకు ఓపిక రాలేదు.

తిరిగి ముందటర్రలోకి వచ్చింది.

“ఇయ్యాల శుక్రవారం అత్తమ్మా. సాయంత్రం లైవ్ ఉన్నది.”

“ఎరుకే. నేను వాయించనన్ననా?”

“తొట్టెల లేకుంట నేనెట్ల వాయించాలె?”

“చేతులతోని. లోకంల అందరు ఎట్ల వాయిస్తరో అట్ల.”

గడప మీదే రుక్సానా నవ్వు ఆగిపోయింది. చేతిలో ఫోను స్టాండు, చంకలో చార్జర్ల సంచి. అత్తది హార్మోనియం, కోడలిది వయొలిన్, ఎదురింట్లో టైలరింగ్ చేసే రుక్సానాది ఈ నలుగురి బృందంలో గొంతు. ఆమె వెనకే డోలక్ భుజాన వేసుకుని పరశురాములు వచ్చాడు. పెళ్లి బ్యాండులో ఊరంతా వినపడేలా కొట్టిన మనిషి, ఈ ఇంటికొచ్చాక డోలక్ మీద తువ్వాల కప్పి వేళ్ల కొసలతో వాయించడం నేర్చుకున్నాడు. మైకు లేదు, స్పీకరు పెట్టెలు లేవు. నాలుగు గోడల మధ్య పట్టేంత చప్పుడే వాళ్ల పాట. అందుకే బృందానికి ఆ ముందు గది పేరే, ‘ముందటర్ర’ అని పెట్టారు. ప్రతి శుక్రవారం ఒక గంట ఫోనులో లైవ్ వాయించి, పాటకూ పాటకూ నడుమ వినేవాళ్లతో ముచ్చట పెడతారు. శుక్రవారమే ఎందుకంటే మస్కట్‌లో, దోహాలో ఉన్న మనవాళ్లకు ఆ రోజే సెలవు. షారోన్ పెనిమిటి జోయల్ కూడా మస్కట్‌లోనే ఉన్నాడు.

పరశురాములు కొక్కెం వైపు చూసి, తర్వాత ఇద్దరి ముఖాలూ చూశాడు.

“పెద్దమ్మా, మేము జర సేపు ఆగి రావాల్నా?”

“కూసో. ఏం లేదు,” అంది ఎలీసబెతు.

“ఏం లేకుంటే గింత సప్పుడు లేకుంట ఎందుకున్నది ఇల్లు?”

పరశురాములు డోలక్ దించి కూర్చున్నాడు.

చిక్కంతా పోయిన శుక్రవారం మొదలైంది. మహారాష్ట్ర భివండి నుంచి కావ్య అనే అమ్మాయి రాసింది: ‘మీ పాట వింటుంటే ఊగినట్టు ఎందుకుంటది?’ అని. షారోన్‌కు నవ్వొచ్చి, చీర కుచ్చెళ్లు కొద్దిగా జరిపి, కుడికాలు ఎత్తి చూపించింది. బొటనవేలికి తాడు. తాడు చివర ఉయ్యాల. వయొలిన్ వాయిస్తున్నంతసేపూ బిడ్డను ఊపుతూనే ఉందన్నమాట. ఆ చిన్న వీడియో ముక్క ఎవరు కోసి పంపారో గానీ, ఆదివారం ఆరాధన నాటికి కరీంనగర్‌లో చూడనివాళ్లు లేరు.

“చర్చి మెట్ల మీద నన్ను నిలవెట్టి అడిగిండ్రు,” అంది ఎలీసబెతు హఠాత్తుగా, రుక్సానాతో. కోడలితో కాదు. “మీ కోడలు బిడ్డను కాలుతోని ఊపుతదట గదా అని. కాలుతోని! బిడ్డను తన్నుతదన్నట్టే అన్నరు.”

“గన్ని వందల మంది మంచిగున్నదని రాసిండ్రు. గవి కనవడలేదా మీకు?” అంది షారోన్.

“రాసినోల్లు మన చర్చి మెట్ల మీదికి రారు బిడ్డా. మొఖం చూసుకునేది నేను.”

రుక్సానా ఇద్దరి నడుమ స్టాండు నిలబెట్టింది. “అచ్ఛా, ముందుగాల ఒక్కసారి పాట చూసుకుందం. కొట్లాట యాడికి పోదు.”

మొదలుపెట్టారు. నాట్లు వేసేవాళ్ల వరుస ఒకటి, మాటలు తగ్గించి వయొలిన్ తీగెల మీద, హార్మోనియం తిత్తి మీద నడిపేలా అల్లుకున్నది. మొదటి చుట్టు బాగానే సాగింది. రెండో చుట్టుకు పరశురాములు ముందుకు పోయాడు. హార్మోనియం వెనకబడింది. నడుమ రుక్సానా ఊపిరి అందక ఒక మాట మింగేసింది. షారోన్ వయొలిన్ కమాను ఎవరిని అందుకోవాలో తెలియక తీగె మీద గీసుకుపోయింది.

“తమ్మీ, ఎటు ఉరుకుతున్నవ్? బారాత్ ఎల్లిపోతున్నదా?” అంది రుక్సానా.

“నేను ఉరుకుతలేనక్కా. మీరే కూసుండిపోయిండ్రు.”

మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి మొదటి చుట్టులోనే చెడింది. మూడోసారి అందరూ కలిసి చెడగొట్టారు.

పరశురాములు డోలక్ పక్కన పెట్టి దూలం వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

“నేను గిన్ని రోజులు షారోన్ చెల్లె దిక్కు చూసి కొడుతున్ననుకున్న. తొట్టెల దిక్కు చూసి కొడుతున్ననే!”

“నేను కూడ,” రుక్సానా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “తొట్టెల ఇటు వచ్చినప్పుడే ఊపిరి తీసుకుంట. గిప్పుడు ఎప్పుడు తీసుకోవాలెనో సమజ్ అయితలేదు.”

ఎలీసబెతు కళ్లు మూసుకుని వాయించే మనిషి, ఉయ్యాలను చూడదు. అయినా కొక్కెం కిర్రుమన్నప్పుడల్లా ఆమె వేలు మెట్టు మారేదని షారోన్‌కు ఇప్పుడు వెలిగింది. నలుగురు ఒకచోట కూర్చుని పాట కట్టుకున్నారు గానీ, తాళం వేసే పని ఎవరూ నెత్తిన వేసుకోలేదు. ఆ పని పాలు తాగి నిద్రపోయే పిల్ల ఉయ్యాలకు వదిలేశారు.

పరశురాములు ఫోనులో ఏదో వెతికి పట్టాడు. టక్ టక్ అని మొదలైంది.

“గీ బల్లిని ఆపు,” అంది రుక్సానా.

“తాళం అక్కా ఇది. దీని ఎంట పోతే చాలట.”

పోయి చూశారు. పాట బడిపిల్లల డ్రిల్లులా తయారైంది. ఎలీసబెతుకే నవ్వొచ్చి ముఖం తిప్పుకుంది. ఆ నవ్వు చూసి పరశురాములుకు ధైర్యం పెరిగింది.

“నేనొక ఉపాయం చెప్తా. బిడ్డ ఎందుకు? ఖాళీ తొట్టెల కట్టి, రెండు మెత్తలేసి ఊపుదం. మన పని మనకైతది.”

“నోరు ముయ్యిర!”

“తౌబా, తౌబా!”

ఎలీసబెతు, రుక్సానా ఒక్కసారే అరిచారు.

“ఖాళీ తొట్టెల ఊపుతరార ఎవలన్న? పిల్లల తండ్రివి, బుద్ధున్నదా నీకు?” ఎలీసబెతు లేచి నిలబడింది.

“మా నానీ అయితే ఖాళీ ఝూలాకు గాలి తగిలినా లేచిపోయి పట్టుకునేది,” అంది రుక్సానా, చెంపలు వేసుకుంటూ.

“తప్పైంది పెద్దమ్మా. నోట్లకెల్లి వచ్చింది.”

ఖాళీగా ఊగే ఉయ్యాల షారోన్ కళ్ల ముందు ఒక్క క్షణం కదిలింది. లోపలికి పోయి మరోసారి ముక్కు దగ్గర వేలు పెట్టి రావాలనిపించింది. ఆపుకుంది.

“అంటే తొట్టెల ఉంటే బిడ్డ ఉండాలె. సరే. బిడ్డ లేస్తనే తెస్త. తొట్టెల చీర యాడ వెట్టిండ్రో చెప్పుండ్రి,” అంది.

ఎలీసబెతు పోయి వెనకర్ర తలుపుకు అడ్డంగా నిలబడింది.

“తేవద్దు.”

“చర్చి ఆడోల్లకు భయపడా?”

“గిదంత నా మాటనే అనుకుంటున్నవా? చర్చోల్లు ఇయ్యాల అంటరు, రేపు మరుస్తరు. నీ మొగడన్నడు. తొట్టెల తియ్యుమని జోయలే నాకు ఫోన్ చేసి చెప్పిండు.”

గల్లీలో కూరగాయల బండివాడు టమాటా ధర అరుచుకుంటూ పోయాడు. షారోన్ అత్త ఎదురుగా వచ్చి నిలబడింది.

“నాకెందుకు చెప్పలే?”

“నీకు చెప్తే ఎందుకని అడుగుతవని.”

“ఎందుకని మీరు అడుగలేదా?”

“కొడుకు గొంతు మంచిగ లేకుండె. అడుగలే.” ఎలీసబెతు గొంతు తగ్గింది. “ఇను బిడ్డా. కొన్నాళ్లు నువ్వు పిల్లను పట్టుకొని లోపల ఉండు. సుభాష్‌నగర్ భానుప్రసాద్‌కు వయొలిన్ మంచిగ వస్తది. వచ్చే శుక్రవారం నుంచి వస్తనన్నడు. పిల్ల జర పెద్దగైనంక నీ జాగల నువ్వు కూసో.”

రుక్సానా, పరశురాములు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లకూ ఈ సంగతి తెలియదని షారోన్‌కు అర్థమైంది.

ఇంటర్ నడుమలో సంబంధం కుదిరినప్పుడు కూడా ఇలాగే, అన్నీ మాట్లాడేసుకున్నాక ఆమెకు చెప్పారు. ‘పెళ్లైనంక చదువుకుంటవు లే’ అన్నారు. పుస్తకాలు అటకెక్కాయి. అప్పుడు ఆమె ఎందుకని అడగలేదు. అడగొచ్చని తెలియదు. ఖాళీ చేసి ఇచ్చిన జాగా మళ్లీ ఎవరూ తిరిగి ఇవ్వరని ఇప్పుడు బాగా తెలుసు.

జోయల్‌కు ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఆగింది. రెండోసారి మధ్యలోనే కట్ అయింది.

“మంచిది,” అంది షారోన్ ఫోన్‌తోనే, “ఆరింటికి మా పాట ఇంటరు గదా మీరు. అప్పుడు మాట్లాడుకుందం.”

ఆరింటికి లైవ్ మొదలైంది. రుక్సానా దుపట్టా సర్దుకుని అందరికీ సలాం చెప్పింది, నమస్తే చెప్పింది, వందనాలు చెప్పింది. వేములవాడ వాళ్లు వచ్చారు, ఉట్నూర్ వాళ్లు వచ్చారు, దోహా వాళ్లు రూముకు రూము కదిలి వచ్చినట్టున్నారు. మొదటి పాట ఎత్తుకున్నారు. కుంటుతూ నడిచింది, ఎలాగో గట్టెక్కింది.

ఫోను మీద అక్షరాలు పరిగెత్తాయి. తొట్టెల ఏది? పాప ఏది? పాట ఇయ్యాల గిట్లెందుకున్నది? పాపకు జరమా?

జ్వరం అన్న మాట చూసి షారోన్ వెనకర్ర తలుపు వైపు చూసింది. రుక్సానా ఏదో సర్ది చెప్పబోతోంది.

“రుక్సానా ఆపా, నేను చెప్త.”

వయొలిన్ ఒళ్లో పెట్టుకుని ఫోను వైపు తిరిగింది.

“పాప మంచిగున్నది. లోపల పండుకున్నది. జరం గిరం ఏం లేదు. తొట్టెల మేమే తీసినం. తీస్తే పాట గిట్ల కుంటుతదని మాకు కూడ ఇయ్యాలనే ఎరుకైంది. ఎందుకు తీసిండ్రో మాత్రం నాకు ఎవ్వలు చెప్పలే. తియ్యుమన్నాయన గీ మాటలు ఇనుకుంటనే ఉన్నడు. నన్ను అడిగితే నేనేం చెప్త? ఆయననే చెప్పుమనుండ్రి.”

హార్మోనియం తిత్తి ఎలీసబెతు చేతిలోంచి జారి, ఒక పొడుగాటి మూలుగు గదిలోకి వదిలింది.

అక్షరాలు ఒక్క క్షణం ఆగిపోయాయి. తర్వాత రుక్సానా ఫోనుకు దగ్గరగా వంగింది.

“లైన్ల కలుపుమని అడుగుతున్నడు షారోన్. జోయల్.”

“వద్దు,” అంది ఎలీసబెతు.

“కలుపు ఆపా,” అంది షారోన్.

ఫోను సగంలో జోయల్ ముఖం తేలింది. వెనక అంతస్తుల మంచాలు, వాటి మీద కాళ్లు వేలాడేసుకున్న నలుగురైదుగురు. ఇన్ని శుక్రవారాల్లో అతడు ఒక్కసారీ లైన్లోకి రాలేదు.

“వందనాలు అవ్వా,” అన్నాడు తల్లితో.

“ఏం బావా, అంగి మంచిగున్నది, కొత్తదా?” అన్నాడు పరశురాములు. ఎవరూ నవ్వలేదు.

జోయల్ తల గోక్కున్నాడు. “తొట్టెల తియ్యుమన్నది నేనే. చర్చోల్ల మాటకు కాదు, బయటోల్ల మాటకు కాదు.” ఆగాడు. “నేను బిల్డింగ్‌కు కట్టిన పైపుల మీద నిలవడి పనిచేస్త. మస్తు ఎత్తు. వీడియో కాల్ల పిల్ల మొఖం చూస్తే నవ్వస్తది, మనసు మంచిగైతది. గని గీ తొట్టెల గంట సేపు ఊగుతుంటే, గా తాడు నేను వట్టుకోవాల్సింది గదా అనిపిస్తది. తెల్లారి పైకెక్కితే కండ్ల ముంగట అదే ఊగుతున్నది. పోయిన శనివారం కాలు జారింది. బెల్ట్ ఉండె. ఏం గాలే.”

“ప్రభువా!” అంది ఎలీసబెతు. ఇది ఆమె కూడా ఇప్పుడే వింటోంది.

ఆ ఎత్తు షారోన్ ఎన్నడూ చూడలేదు. చూడకపోయినా అరికాళ్లు జివ్వుమన్నాయి.

“నాకెందుకు చెప్పలే?”

“నువ్వు భయపడుతవని.”

“నేను దినాం భయపడుతనే ఉన్న. బిడ్డ తుమ్మితే భయం, తుమ్మకుంటే ఎందుకు తుమ్మలేదని భయం. అందుల ఇదొకటి కలిస్తే నాకేమైతుండె? చెప్పాలె మీరు.”

మస్కట్ గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. జోయల్ పెదవి కూడా కొద్దిగా కదిలింది.

“ఇనుండ్రి,” షారోన్ ముందుకు జరిగింది. వందలమంది చూస్తున్నారన్న సంగతి ఆమెకు గుర్తుంది. గుర్తుండే మాట్లాడింది. “బెల్ట్ రెండుసార్లు చూసుకొని కట్టుకోండ్రి. తొట్టెల చూడబుద్ధి గాకుంటే ఫోన్ బోర్లేసి ఇనుండ్రి, పాట చెవులకే గదా. ఇంకేమన్న చెయ్యిమంటే చేస్త. గని నన్ను లోపల కూసోమంటే కూసోను. ఆ అర్రల బిడ్డ, ఈ అర్రల పాట అని నన్ను రెండు ముక్కలు చెయ్యకుండ్రి. బిడ్డ ఈడనే ఉంటది. నేను ఈడనే ఉంట.”

జోయల్ తల వంచుకున్నాడు.

“అరే, ఏమన్న అనుర,” అంది వెనక మంచం మీది గొంతు.

“అవ్వ ఏమంటదో,” అన్నాడు జోయల్.

ఇక్కడి ముగ్గురూ, అక్కడి మంచాల మీది వాళ్లూ ఎలీసబెతు వైపు చూశారు.

ఆమె లేచి లోపలికి వెళ్లిపోయింది. తలుపు దగ్గరికి వేసిన చప్పుడు. కాసేపటికి ట్రంకుపెట్టె మూత తెరుచుకున్న చప్పుడు. రుక్సానా పెదవులు కదుపుతూ ఏదో చదువుకుంటోంది.

తలుపు తెరుచుకుంది. ఎలీసబెతు భుజాన మడతపెట్టిన చీర, చంకన అప్పుడే లేచి కళ్లు నలుపుకుంటున్న కెజియా.

“పరశురాములూ, స్టూలెక్కు.”

పరశురాములు ఎక్కాడు. చీర ముడి కొక్కేనికి పడింది. ముడిని ఎలీసబెతు లాగి చూసింది, షారోన్ లాగి చూసింది, ఎందుకైనా మంచిదని షారోన్ మళ్లీ లాగి చూసింది. పిల్ల ఉయ్యాలలోకి చేరి, తన కాలి వేళ్లు తానే పట్టుకుంది. ఫోను మీద హృదయాలు వానలా కురిశాయి.

షారోన్ కూర్చుని వయొలిన్ భుజానికెత్తి, అలవాటుగా కుడికాలు చాపింది.

తాడు రాలేదు.

ఎలీసబెతు తాడు కొస పట్టుకుని హార్మోనియం వెనక్కి పోయి కూర్చుంది. వంగి తన బొటనవేలికి చుట్టుకుంది.

“నీ కాలు నీ దగ్గర ఉంచుకో బిడ్డా. నువ్వు వాయించు. మనుమరాలిని నేను ఊపుత.” ఫోను వైపు తిరిగింది. “కొడుకా, తాడు నా దగ్గర ఉన్నది. నువ్వు ఫికర్ చెయ్యకు. మంచిగ నిలవడి పని చేసుకో.”

జోయల్ ముఖం తుడుచుకున్నాడు. తల ఊపాడు. “మాషా అల్లా,” అంది రుక్సానా. పరశురాములు తువ్వాల సర్దుకుని డోలక్ మీద చెయ్యి వేశాడు. అంతా సర్దుకుందని అందరి ముఖాలూ చెబుతున్నాయి.

షారోన్‌కు మాత్రం ఇందాక పాట చెడిన తీరు గుర్తొచ్చింది. ఉయ్యాల ఎలా ఊగితే పరశురాములు అలా కొడతాడు, రుక్సానా అలా ఊపిరి తీస్తుంది. ఇకనుంచి నలుగురి నడకా ఆ బొటనవేలి దగ్గర ఉంటుంది. ఆ తాడు ప్రేమతోనే తీసుకుంది అత్తమ్మ. అందులో అబద్ధం లేదు. తీసుకున్నది మాత్రం తిరిగి ఇస్తానని చెప్పలేదు.

“అత్తమ్మా,” ఫోనుకు వినపడనంత మెల్లగా అడిగింది, “భానుప్రసాద్‌కు రావద్దని చెప్తరా మరి?”

ఎలీసబెతు కళ్లు మూసుకుంది. “ముందుగాల గీ పాట కానియ్యి.”

రుక్సానా పాట పేరు చెప్పింది. పరశురాములు కళ్లు ఉయ్యాల మీద ఉన్నాయి. రుక్సానా కళ్లూ అక్కడే ఉన్నాయి. ఎలీసబెతు కాలు ఇంకా కదలలేదు, ఆమె కదిపితే అందరూ కదలడానికి సిద్ధంగా ఉన్నారు.

షారోన్ ఆగలేదు. ఉయ్యాల నిలిచి ఉండగానే కమాను తీగె మీద వేసి, తనకు తోచిన నడకలో ఒంటరిగా మొదటి వరుస ఎత్తుకుంది.

పరశురాములు ఉలిక్కిపడి ఆమె వైపు తిరిగాడు. ఎలీసబెతు కళ్లు తెరిచింది. ఉయ్యాలలో కెజియా తల్లి వయొలిన్ విని కిలకిల నవ్వింది. మస్కట్ గదిలో అందరూ ముందుకు వంగారు.

తాడు బిగిసింది. అది ఎవరి నడకన కదులుతుందో, షారోన్ వాయిస్తూనే చూస్తోంది.